‘డు’కూ ‘రు’కూ మధ్య ఒక నాయకుడు

రసాయనశాస్త్రం చెప్పుకునేవాడికి రాజకీయ నాయకుడి జీవితచరిత్రతో ఏం పని అని మా ఇంట్లో అడిగారు. నేనూ అదే అడిగాను. విజ్ఞాన సర్వస్వం ప్రధాన సంపాదకులు సూటిగా జవాబిచ్చారు. రాజనీతిశాస్త్రం వారు ఆ పేరు వినగానే సెలవు పెట్టారట. చరిత్ర విభాగం వారు, నాయకుడు చనిపోయి ఎక్కువ కాలం కాలేదు గనుక అది ఇంకా చరిత్ర కాదన్నారట. “మీకైతే ఆయన గురించి ఏమీ తెలియదు కదండీ. అంచేత మీరే నిష్పక్షపాతి,” అన్నారు. తెలియకపోవడమే అర్హతగా నాకు దక్కిన పదవి అదొక్కటే.

సర్వస్వం కార్యాలయం మా విశ్వవిద్యాలయ ఆవరణలోనే, గ్రంథాలయం వెనుక, ఒకప్పుడు జవాబు పత్రాలు కుక్కిన గదిలో ఉండేది. ఒక్కొక్క మనిషి మీదా, ఊరి మీదా రాసే అంశాన్ని అక్కడ ‘ఆరోపం’ అంటారు. నిఘంటువుల వారి మాట అది. ఆరోపం చదివి ఉత్తమం, మధ్యమం, తిరస్కృతం అన్న మూడింటిలో ఒకటి రాయడం నా పని. ప్రయోగశాల అలవాటు కొద్దీ ప్రతి వాక్యాన్నీ కొన్ని ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు, అది మనకెలా తెలిసింది. వీటికి జవాబు చెప్పని వాక్యం ఎంత అందంగా ఉన్నా నాకు అది రంగునీళ్ళే.

ఆ నాయకుడి ఆరోపం రాసింది ఒక ఉపసంపాదకురాలు. నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి, ఇక్కడే తెలుగులో పరిశోధన ముగించి, కాంట్రాక్టు మీద చేరిన అమ్మాయి. తార్నాకలో అద్దె గదిలో ఉండేది. ఆమె కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే రెండు షరతులు: ఆమె రాసిన ప్రధాన ఆరోపానికి ఉత్తమం రావాలి, దాని మీద బయటి నుంచి ఫిర్యాదు రాకూడదు. మొదటిది నా చేతిలో ఉంది. రెండోది ఎవరి చేతిలో ఉందో అప్పటికి మాకు తెలియదు.

“ఇది పోతే మల్ల కోచింగ్ సెంటర్ల బిట్లు రాసుడే సార్,” అంది మొదటి రోజే. “సరైన జవాబు ఒకటి, తప్పు జవాబులు మూడు. నా పీహెచ్‌డీకి తప్పు జవాబులు తయారు చేసుడు బాగ పనికొస్తది.”

ఆరోపం మొత్తం మీద బాగానే ఉంది. కొన్ని వాక్యాలు మాత్రం నా ప్రశ్నల ముందు నిలబడలేదు. నాయకుడికి రోజుకు నాలుగు గంటల నిద్ర సరిపోయేదని ఒక వాక్యం. దానికి ఆధారం అభిమానులు వేసిన సంచిక. పక్కన గడియారం పట్టుకుని కూర్చున్నదెవరని అడిగాను. కొట్టేసింది. ఆ గొంతు వింటే పసిపిల్లలు ఏడుపు మానేవారని మరో వాక్యం. అదే గొంతు వింటే పసిపిల్లలు ఏడుపు మొదలుపెట్టేవారని ప్రత్యర్థులు వేసిన కరపత్రం కూడా ఆమె దగ్గర ఉంది. రెండు వైపులా పసిపిల్లల వాంగ్మూలం లేదు గనుక రెండూ పోయాయి. ఇంకొక విషయానికి ఒక పత్రిక వార్త ఆధారంగా ఉంది. ఆ వార్తకు ఆధారమేమిటని వెదికితే ‘విజ్ఞాన సర్వస్వం వర్గాలు తెలిపాయి’ అని దొరికింది. అంటే మేమే.

అసలు చిక్కు క్రియాపదం దగ్గర వచ్చింది.

ఆమె ‘జన్మించాడు, చదివాడు, గెలిచాడు’ అని రాసింది. బతికున్నవారికి ‘రు’, చనిపోయినవారికి ‘డు’ అని సంపాదకవర్గం పెట్టుకున్న నియమం. కాకతీయ రాజు పాలించాడు, కట్టించాడు అంటే ఎవరూ నొచ్చుకోరు. దేవుడు కరుణించాడనే అంటాం, కరుణించారనం. అలాంటిది నిన్న మొన్నటి నాయకుడి విషయంలో మాత్రం ఆ ‘డు’ చెంపదెబ్బలా వినబడుతుంది. చనిపోయాక ‘రు’ ఎంత కాలానికి ‘డు’గా మారుతుందని ప్రధాన సంపాదకులను అడిగాను. రేడియోధార్మిక పదార్థాలకు అర్ధాయువు ఉన్నట్టే గౌరవానికీ ఒకటి ఉండాలి కదా అన్నాను. ఆయన దాన్ని హాస్యంగా తీసుకుని నవ్వారు. నేను నిజంగానే అడిగాను. ముందే చెప్పాలి, ఈ రచనలో నేనూ ఆ నాయకుడికి క్రియాపదం తగిలించకుండా తప్పించుకుంటూ వస్తున్నాను.

ఆరోపం సిద్ధమవుతోందన్న కబురు ఎలాగో బయటికి పొక్కింది. ఒకనాడు పొద్దున నాయకుడి అభిమాన సంఘం అధ్యక్షులు కొందరిని వెంటబెట్టుకుని వచ్చారు. లాలాపేట్‌లో సిమెంటు, ఇసుక వ్యాపారం చేసే మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. కుర్చీలో కూర్చోకుండానే అడిగారు.

“మా అన్న మీద ఆరోపం రాసిండ్రంట. ఏమారోపం? ఎవరు చేసిండ్రు?”

“ఆరోపణ కాదండీ, ఆరోపం,” అన్నారు ప్రధాన సంపాదకులు. ఆయనది తెనాలి వైపు. ఎంత కంగారుపడినా మాట చివర ‘అండీ’ ఊడిపోదు. “సర్వస్వంలో ఒక్కో అంశాన్నీ అలా అంటామండీ.”

“‘ణ’ తీసేస్తే కేసు తగ్గుతదా సార్?”

ఉపసంపాదకురాలు ప్రతి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కూర్చుని, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవసాగారు. చెరువు నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బయటపడే భూమిని ఇక్కడ శిఖం అంటారు. అలాంటి శిఖం భూమిని ఆక్రమించి, ప్లాట్లు చేసి అమ్మించాడని కోర్టు తేల్చినట్టు ఒక పేరా ఉంది. వేలు అక్కడికి వచ్చి ఆగింది.

“గిది తప్పు,” అన్నారు.

“ఏది, ఆక్రమించడమా?” అన్నాను.

“గది కాదు సార్. గది అందరికి ఎరుకనే, పేపర్ల గూడ వచ్చింది. ‘అమ్మించాడు’ ఏంది? మా అన్న ఏమన్న గల్లీ పోరడా? ‘ఆక్రమించారు, అమ్మించారు’ అని రాయుండ్రి. మాకేం తక్లీఫ్ లేదు.”

ఆయన మాటలను నేను మొదటి నుంచీ గమనిస్తున్నాను. అన్న వచ్చిండు, అన్న తిట్టిండు, అన్న భుజం మీద చెయ్యేసిండు అని తప్ప ఆయన నోట మరో రూపం రాలేదు. ఆ సంగతే చెప్పాను.

“అది ప్రేమ సార్,” అన్నారు శాంతంగా. “మీది రికార్డు.”

‘రు’ పెట్టకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తామని చెప్పి లేచారు. రెండో షరతు ఎవరి చేతిలో ఉందో అప్పుడు తెలిసింది. సగమే తెలిసింది.

మిగతా సగం మల్కాజ్‌గిరి నుంచి వచ్చింది. ఆ శిఖం భూమిలో ప్లాట్లు కొని పోగొట్టుకున్నవారికి ఒక సంఘం ఉంది. దాని కార్యదర్శి రైల్వేలో పని చేసి రిటైరైన పెద్దమనిషి. నాయకుడి పేరున్న కాగితాలు ఉన్న గదిలోకి తాను రానన్నారు. అందుకని ఉపసంపాదకురాలూ నేనూ తార్నాక చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్లో ఆయనను కలిశాం. మెట్రో రైలు పోయినప్పుడల్లా కొంచెం ఆగి మాట్లాడేవారు. పట్టాల మీది చప్పుడుకు ఆ మాత్రం మర్యాద ఇవ్వడం ఆయనకు ఉద్యోగంలో అలవాటైనట్టుంది.

“‘రు’ పెడుతున్నరని విన్న బిడ్డా,” అన్నారు ఆమెతో. “‘అమ్మించారు’ అని రాస్తే మాకేదో ఉపకారం చేసినట్టుంటది. మా ప్లాట్లు ఒకసారి నీళ్ళల్ల మునిగినయి. ఇప్పుడు మీ ‘రు’ల మల్ల ముంచకుండ్రి.”

“మరి ఏం రాయమంటరు పెద్దనాయనా?”

“‘వాడు’ అని రాయి.”

“సర్వస్వంల ‘వాడు’ ఉండదు.”

“అయితే ‘డు’ ఉంచు. ‘డు’ కంటె ఒక్క మెట్టు పైకెక్కినా నేను ఫిర్యాదు రాస్తా. ఊకె రాయ, రిజిస్టర్ పోస్టుల పంపుత.”

“ఎవరు చేసిండ్రో మాత్రం తప్పక రాస్తం పెద్దనాయనా,” అని ఆమె మాటిచ్చింది.

ఆక్రమణ జరిగిందా లేదా అన్న దాని మీద రెండు సంఘాలకూ పేచీ లేదు. నేను మళ్ళీ మళ్ళీ పరీక్షించుకున్నాను. ఏ ఆధారం మీదా, ఏ వాస్తవం మీదా వారి మధ్య తేడా లేదు. ఇంత పూర్తి ఏకాభిప్రాయం నేను మా విభాగం సమావేశాల్లో ఎన్నడూ చూడలేదు. ఉన్న తగాదా అంతా వాక్యం చివరి అక్షరం మీదే.

ప్రధాన సంపాదకులు అనుభవజ్ఞులు. ఎన్నో కమిటీల నివేదికలు రాసిన చెయ్యి. మరునాడు తామే స్వయంగా ఆరోపాన్ని తిరగరాసి నాకు పంపించారు. అందులో ఇలా ఉంది: ‘లాలాపేట్‌లో జన్మించడం జరిగింది. ముషీరాబాద్‌లో విద్యాభ్యాసం జరిగింది. తదుపరి వివాహం జరగడం జరిగింది. ఎన్నికల్లో గెలుపు జరిగింది. శిఖం భూమి ఆక్రమణకు గురికావడం జరిగింది. ప్లాట్లు అమ్ముడుపోవడం జరిగింది. అనంతరం మరణించడం జరిగింది.’

“చూశారాండీ, డు లేదు, రు లేదు,” అన్నారు, సంతృప్తిగా కళ్ళజోడు తుడుచుకుంటూ.

“మనిషి కూడా లేడండి,” అన్నాను. “ఇది జీవితచరిత్ర కాదు, వాతావరణ నివేదిక. వాన పడింది, గాలి వీచింది, భూమి ఆక్రమణకు గురైంది. ఎవరు అన్న ప్రశ్నకు దీంట్లో జవాబు లేదు. నేను తిరస్కృతం తప్ప మరొకటి రాయలేను.”

ఆయన నా వైపు, నేను ఆయన వైపు చూసుకున్నాం. ఉపసంపాదకురాలు మా ఇద్దరి వైపూ చూసింది.

“ఇట్ల రాస్తే మీరు ఫెయిల్ చేస్తరు. ఇట్ల రాయకుంటె వాళ్ళు ఫిర్యాదు చేస్తరు,” అంది. “నా ఉద్యోగానికి గూడ ‘పోవడం జరిగింది’ అని రాసుకోమంటరా సార్?”

ఎవరమూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు.

సాయంత్రం నేను మెట్రో ఎక్కడానికి వెళ్తుంటే ఆమె వెంట నడిచింది. దారిలో అదే ఇరానీ హోటల్లో చాయ్ చెప్పుకున్నాం. చాయ్‌తో పాటు నేను సమోసా కూడా చెప్పాను. అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. కొంతసేపటికి ప్లేటు పట్టుకుని వచ్చిన మనిషి బల్లల మధ్య నిలబడి కేకేశాడు.

“సమోసా చెప్పింది ఎవరు?”

“చెప్పింది నేనే,” అన్నాను.

ఆమె చాయ్ కప్పు దించింది. “సార్, మల్ల అనుండ్రి.”

“చెప్పింది నేనే.”

“‘చెప్పింది’. మీరు మగమనిషి, పెద్దమనిషి. అయినా ‘చెప్పింది’ అన్నరు. డూ లేదు, రూ లేదు. కాని ‘ఎవరు’ అన్నదానికి జవాబు ఉన్నది.”

నిజమే. మన భాషలో పనిని ముందు పెట్టి, చేసినవారిని చివర నిలబెట్టే ఆ వాక్యంలో క్రియకు లింగం పట్టదు, గౌరవం పట్టదు. ఆ పని చేసింది బిచ్చగాడైనా మంత్రైనా ‘చేసింది’ అనే అంటాం. రోజుకు ఎన్నిసార్లో అంటాం. పుస్తకాల మీద కూర్చున్నప్పుడు మాత్రం గుర్తురాదు. ఆమె కాగితం అడిగితే నా దగ్గర ప్రయోగశాల రసీదు ఒకటే ఉంది. దాని వెనుక అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టింది.

కొత్త ఆరోపం ఇలా మొదలైంది: ‘పుట్టింది లాలాపేట్‌లో. చదివింది ముషీరాబాద్‌లో. మొదటిసారి ఓడింది సొంత వాడలోనే. మంత్రి పదవి వద్దన్నది ఒకసారి, కావాలన్నది పలుమార్లు.’ శిఖం భూమి పేరాకు వచ్చేసరికి: ‘ఆ భూమిని ఆక్రమించి, ప్లాట్లు చేసి అమ్మించింది ఆయనే.’

ప్రధాన సంపాదకులు చదివారు. “వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదండీ. చదువుతుంటే మాత్రం ప్రతి వాక్యమూ ఎవరినో వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఉంది,” అన్నారు. అది నాకు గుణంగానే కనబడింది. విశేషమేమంటే, గౌరవాన్ని తప్పించబోయి రాసిన ఈ ప్రతి, మొదటి ప్రతి కంటే ఎన్నో రెట్లు కటువుగా తయారైంది.

మల్కాజ్‌గిరి పెద్దమనిషి ‘ఆయనే’ అన్న మాటను రెండుసార్లు చదివి, ఇక చాలన్నారు. అభిమాన సంఘం అధ్యక్షులు ‘డు’ కోసం ఆసాంతం గాలించారు. ఒకచోట దొరికింది.

“‘నాయకుడు’ల డు ఉన్నది గద.”

“అది నామవాచకం అన్నా,” అంది ఉపసంపాదకురాలు. “క్రియ కాదు.”

“‘నాయకులు’ అని పెట్టు.”

“ఒక్కరే గద అన్నా.”

“మా అన్న ఒక్కడే పది మంది లెక్క,” అని కొంచెం ఆలోచించి, “సరే, ఉండనియ్యి,” అన్నారు.

ఇక మిగిలింది నేను. ఆ వాక్యానికి ఆధారంగా చూపిన కోర్టు తీర్పు ప్రతిని తెప్పించి చివరి పుట దాకా చదివాను. ఉపసంపాదకురాలు చదివింది పత్రికలో వచ్చిన సారాంశం. తీర్పులో భూమిని ఆక్రమించి అమ్మించినవారు ముగ్గురు. మొదటి మనిషి ఇప్పుడు బతికి లేరు. రెండో పేరు నాయకుడిది. మూడో పేరు అభిమాన సంఘం అధ్యక్షులది.

ఆమెను పిలిచి ‘ఆయనే’లో ‘ఏ’ తీసెయ్యాలన్నాను. ‘ఆయనే’ అంటే మరెవరూ కాదని అర్థం. అది తీర్పుకు విరుద్ధం.

“డు కోసం ఒకాయన వచ్చిండు, రు కోసం ఒకాయన వచ్చిండు,” అంది విసుగ్గా. “ఏత్వం కోసం వచ్చింది మీరొక్కరే సార్.”

తీర్పు చివరి పుట ఆమె ముందు పెట్టాను. చదివింది. మూడో పేరు దగ్గర ఆగింది.

“ఈ పేరు పెడితే ఆయన ఊకుంటడా సార్?”

“ఊరుకుంటారనడానికి నా దగ్గర ఆధారం లేదమ్మా.”

“పెట్టకుంటె?”

“పెట్టకపోతే అది సగం నిజం. మధ్యమం రాస్తాను. అంతకంటే ఎక్కువ రాయలేను.”

మధ్యమం అంటే కాంట్రాక్టు పోయినట్టే. పేరు పెట్టి ఫిర్యాదు వచ్చినా పోయినట్టే. నేను చెప్పింది కఠినమని నాకు తెలుసు. కానీ నాకు తెలిసిన తూనిక అదొక్కటే. ఆమె ఆ పుటను మళ్ళీ మళ్ళీ చూసింది.

“మల్కాజ్‌గిరి పెద్దనాయనకు మాటిచ్చిన, ఎవరు చేసిండ్రో రాస్తమని,” అంది చివరికి. “ముగ్గురు చేస్తే ఒక్కరి పేరు రాసి ఎట్ల ఊకుంట. బిట్లు రాసుకుంట మల్ల, ఏమైతది.”

ముగ్గురి పేర్లూ రాసింది. ‘ఆక్రమించి, ప్లాట్లు చేసి అమ్మించింది’ అన్న మాట తర్వాత వరుసగా. నేను ఉత్తమం అని రాసి సంతకం చేశాను. ప్రధాన సంపాదకులు ప్రతిని అభిమాన సంఘానికి పంపి, వారి జవాబు వచ్చేదాకా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టలేనన్నారు. “నన్నర్థం చేసుకోండమ్మా,” అన్నారు ఆమెతో. ఆమె అర్థం చేసుకున్నట్టే తలూపింది.

అధ్యక్షులు ఈసారి ఒంటరిగా వచ్చారు. ప్రతి చేతిలోనే ఉంది. నిలబడే, తన పేరు మీద వేలు పెట్టారు.

“గిది ఎవరు పెట్టిండ్రు?”

“పెట్టింది నేనే అన్నా,” అంది ఉపసంపాదకురాలు.

“అన్న పేరు పక్కనే పెట్టినవ్.”

“తీర్పుల ఆ వరుసల్నే ఉన్నది.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఇది పుస్తకంల ఎన్నేండ్లుంటది చెల్లె?”

“విజ్ఞాన సర్వస్వమండీ,” అన్నారు ప్రధాన సంపాదకులు, ఎందుకైనా మంచిదని కొంచెం దూరంగా జరుగుతూ. “అచ్చయ్యాక ఇక ఉంటుందండీ.”

“నా పిల్లలు, వాళ్ళ పిల్లలు చూస్తరు?”

“చూడొచ్చండీ.”

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళకు కారణం ఏమై ఉంటుందో నేను కొన్ని పరికల్పనలు చేశాను. ఆయన నోరు విప్పగానే అన్నీ వీగిపోయాయి. “ముప్పయ్యేండ్లు అన్న ఎనక తిరిగిన సార్. ఒక్క ఫోటోల గూడ పక్కన నిలబడనియ్యలే. అంచుల నిలబడితే పేపరోళ్ళు కోసేసేటోళ్ళు. ఇయ్యాల పక్కన పెట్టింది ఈ చెల్లె ఒక్కతే.”

“అయితే అభ్యంతరం లేదని ఒక ముక్క రాసిస్తారాండీ?” అన్నారు ప్రధాన సంపాదకులు.

“రాసిచ్చుడేంది సార్. రేపు చౌరస్తాకొచ్చి చూడుండ్రి.”

మరునాడు తార్నాక చౌరస్తాలో, మెట్రో స్తంభం పక్కన, పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒకవైపు నాయకుడి బొమ్మ, రెండోవైపు అంతే పరిమాణంలో అధ్యక్షుల బొమ్మ. పైన ‘విజ్ఞాన సర్వస్వంలో మహానేత సరసన స్థానం పొందిన మా అన్నకు శుభాకాంక్షలు’. కింద, ఎవరికీ అనుమానం రాకుండా, సర్వస్వంలోని ఆ వాక్యం యథాతథంగా అచ్చు వేయించారు. శిఖం భూమితో సహా, ఆక్రమించి అమ్మించడంతో సహా. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోవాళ్ళు తీరిగ్గా చదువుకుంటున్నారు.

మేం దాని కింద నిలబడి ఉండగానే మల్కాజ్‌గిరి నుంచి ఫోన్ వచ్చింది. ఉపసంపాదకురాలు నాకూ వినబడేలా పెట్టింది.

“చూసిన బిడ్డా,” అన్నారు ఆ పెద్దమనిషి. “మా సంఘం ఇన్నేండ్లు ధర్నాలు చేసింది. ఇంత పెద్దక్షరాలల్ల ఎన్నడు రాయించలేకపోయినం. అది కూడ ఆయన పైసలతోని.”

ఆమె ఫ్లెక్సీని ఫోటో తీసి ప్రధాన సంపాదకులకు పంపింది. వెంటనే ఫోన్ మోగింది. అక్షర దోషాలేమైనా ఉన్నాయా అని ఆయన అడిగారు. లేవంది. అయితే వచ్చి కాంట్రాక్టు కాగితం తీసుకోమన్నారు.

ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుని, వెంటనే కదలలేదు. తల పైకెత్తి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది.

“సార్, మూలాల జాబితాల దీన్ని గూడ పెట్టొచ్చా?”

నేను నిజంగానే ఆలోచించాను. సొంతంగా అచ్చు వేయించుకున్నది స్వతంత్ర ఆధారం కాదు. నాయకుడి విషయంలో అది ససేమిరా చెల్లదు. అయితే ఒక మనిషి తన గురించి తానే బహిరంగంగా ప్రకటించుకున్నది, ఆ మనిషి మేరకు, చెల్లుతుంది.

“మూడో పేరుకు మాత్రం పెట్టవచ్చమ్మా,” అన్నాను.

ఆమె ఈసారి అక్షరాలు స్పష్టంగా పడేలా, రోడ్డుకు అవతలి వైపు నుంచి ఇంకొక ఫోటో తీసుకుని, ఆవరణ వైపు నడిచింది.